మా కుక్కకు రోజుకు ఎంత తిండి పెట్టాలి

మూడేళ్లుగా మా కుక్కకు రెండు పూటలా ఒకే కప్పుతో పొడి ఆహారం వేస్తూ, అది సరైన మోతాదేనని నమ్మాను. మొన్న దాని ఒళ్లు నిమురుతుంటే పక్కటెముకలు చేతికి తగలలేదు. తూచి చూస్తే ఉండవలసిన 16 కిలోలకు బదులు 19 కిలోలు ఉన్నది. నా ప్రేమే దానికి భారమైందని తెలిసి చాలా బాధపడ్డాను.

పశువైద్యురాలు ఓపికగా లెక్క నేర్పారు. ఉండవలసిన బరువుకు ఘనం కట్టి, వచ్చిన సంఖ్యకు వరుసగా రెండుసార్లు వర్గమూలం తీసి, ఆ ఫలితాన్ని 70తో గుణిస్తే, విశ్రాంతిలో ఉన్న శరీరానికి రోజుకు కావలసిన కేలరీలు తెలుస్తాయి. 16కు ఘనం 4,096, దాని వర్గమూలం 64, దాని వర్గమూలం 8, కనుక 560 కేలరీలు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స జరిగిన పెద్ద కుక్కకు సాధారణంగా దీనికి 1.6 రెట్లు, అంటే 896 కేలరీలు అవసరమవుతాయి గానీ, బరువు తగ్గవలసిన మా కుక్కకు 560తోనే మొదలుపెట్టమన్నారు.

మేము వాడే ఆహారంలో 100 గ్రాములకు 350 కేలరీలు ఉన్నాయి కాబట్టి రోజుకు 160 గ్రాములు చాలు. నా కప్పులో ఒకసారి 130, మరొకసారి 155 గ్రాములు పట్టాయి. అంటే రోజుకు దాదాపు రెట్టింపు పెడుతూ వచ్చాను. చిరుతిళ్లు మొత్తం కేలరీలలో పదోవంతు మించరాదని, అవి పెట్టిన రోజున ఆ మేరకు ఆహారం తగ్గించాలని కూడా చెప్పారు.

ఇప్పుడు ప్రతి పూటా కాటాపై తూచి పెడుతూ, రెండు వారాలకొకసారి దాని బరువు రాసుకుంటున్నాను.