అత్త మొక్కు

ఏడుకొండలవాడి దయవల్ల మా అత్త మొక్కు తీరింది. తలనీలాలిస్తానని ఎప్పుడో మొక్కుకుంది. ఈలోగా కీమోకి జుట్టంతా రాలిపోయింది. ఇక లాభం లేదని డాక్టర్లు మందు ఆపేశాక అంగుళం మేర మళ్ళీ మొలిచింది. "వచ్చినంతే ఇస్తా, ఆయనకి తెలీదా ఏంది" అంటూ పలమనేరులో బస్సెక్కింది.

కళ్యాణకట్టలో కూర్చున్నాయన ఆ తల చూసి ఏమీ అడగలేదు. నీళ్ళతో తడిపి, చెవి వెనకున్న మచ్చని వేలితో తడిమి చూసి, దాని చుట్టూ మెల్లగా గీశాడు. "గోవిందా అనుకోమ్మా" అన్నాడు.

క్యూలో మాత్రం నరకం చూశాం. కంపార్టుమెంటు తలుపు తీస్తే చాలు, ముసలీ ముతకా అని లేకుండా తోసుకోవడమే. స్వామి ఎక్కడికన్నా పోతాడా! అత్త గోడకి జారబడితే, పక్కనున్న పెద్దాయన తన గాలి దిండు తీసి ఆమె నడుము వెనక పెట్టాడు. శ్రీకాళహస్తి దగ్గర పల్లె ఆయనది. కాలేయంలో క్యాన్సర్.

"నేను కాగితం రాసి పెట్టేశానమ్మా, వెంటిలేటర్ వద్దని" అన్నాడు మాటల్లో. సుప్రీంకోర్టు 2018లోనే దీనికి ఒప్పుకుంది. 2023లో పద్ధతి తేలిక చేశాక, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ చేయిస్తే సరిపోతుంది. ఆయనకి ఇంట్లోనే పోవాలని. మత్తెక్కించే మందులు కూడా వద్దట, నొప్పున్నా సరే, ఆఖరిదాకా మనుషుల్ని గుర్తుపట్టాలట.

అత్త ఒప్పుకోలేదు. "ఆ నొప్పి నీకింకా రాలేదన్నా. నాకు తెలీకుండా నిద్దట్లో తీసకపోతే చాలు. 'అనాయాసేన మరణం' అని రోజూ చదివేది ఎందుకనుకున్నావ్?"

ముందు కూర్చున్న, తలకి స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి గిరుక్కున తిరిగింది. "మంచి చావేంది పెద్దమ్మా? నా కూతురింకా టెన్త్. ఐసీయూలో పెట్టనీ, ఎన్ని గొట్టాలైనా వెయ్యనీ, నాకు ఒక్కరోజైనా ఎక్కువ కావాల."

ఇద్దరూ నోరెత్తలేదు. పాలు పంచేవాళ్ళొస్తే పెద్దాయన మొదటి గ్లాసు ఆ పిల్లకే అందించాడు.

బంగారు వాకిలి దాటాక స్వామి కనిపించాడు. పెద్ద నామం, గడ్డం మీద తెల్లటి పచ్చకర్పూరం. నాకు అంతవరకే దక్కింది. "జరగమ్మా, జరుగు" అంటూ లాగేశారు. ఆరోగ్యం బాగాలేని మనిషని చెప్పే టైము కూడా ఇవ్వలేదు.

నిద్దట్లో పోవాలని అడిగావా అంటే, "అంత పెద్ద కోరిక చెప్పేదానికి టైమేదీ? రాత్రి ఎడమపక్కకి తిరిగి పడుకోనియ్యి సామీ అన్నా" అంది.

కిందికి దిగే బస్సులో మళ్ళీ తనే ఎత్తింది. "అమ్మాయ్, ఆ అన్న చెప్పిన కాగితం నాకూ రాయించు. గొట్టాలు వద్దని రాయి. నొప్పి మందు మాత్రం ఆపకూడదని పెద్దక్షరాలతో రాయించు." సాక్షులుగా ఎవరిని పిలవాలో చిత్తూరు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. మా బావ ఒప్పుకోడని నా టెన్షన్ నాది.