ఫ్రీ త్రో లైన్ దగ్గర

కిందటేడు జనవరిలో కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఫ్రీ త్రో వేయబోతూ పడిపోయాను. కాసేపటికే తెలివొచ్చింది. చూసిన డాక్టరుగారు ఈసీజీ అయినా తీయకుండా, "ఇరవయ్యేళ్ల కుర్రాడివి, రోజూ ఆడతావు, నీకు గుండె జబ్బేంటయ్యా? పొద్దున ఏమీ తిని ఉండవు" అని ఓఆర్‌ఎస్ రాసి పంపేశారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి పడిపోతే ముందు గుండెను అనుమానించాలి, నీరసం సంగతి ఆ తర్వాత.

మూడు వారాలకు మళ్లీ పడ్డాను. ఈసారి పెద్దాసుపత్రి. పరీక్షలన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. గుండె ఎడమ గది గోడ 19 మిల్లీమీటర్లు ఉంది. మామూలుగా 12 దాటదు, 15 వస్తే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బు అని అనుమానిస్తారు. బాగా ఆడేవాళ్లకు ఎలాగూ గోడ కొంచెం మందమవుతుంది కాబట్టి 13, 14 దగ్గర తేల్చడం కష్టం.

రెండో రాత్రి మానిటర్ మీద గుండె వేగం నిమిషానికి 82 కాస్తా 190 అయింది. గీత రంపం పళ్లలా మారింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. నర్సు పరుగున వచ్చి, "తమ్ముడూ, నా వైపే చూడు, కళ్లు ముయ్యకు" అంటూ ఛాతీకి ప్యాడ్లు అంటించింది. ఆవిడ బొటనవేలికి తెల్ల టేపు ముక్క ఒకటి అంటుకుని ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. షాక్ ఇవ్వకముందే గుండె దారికొచ్చింది. ఆవిడ మాత్రం డ్యూటీ దిగేదాకా నా మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

తెల్లవార్లూ హ్యాంక్ గేదర్స్ గుర్తొస్తూనే ఉన్నాడు. 1988–89లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ డివిజన్ వన్‌లో పాయింట్లలోనూ రీబౌండ్లలోనూ అతనే మొదటివాడు: మ్యాచ్‌కి 32.7, 13.7. లయోలా మేరీమౌంట్ జట్టు. 1989 డిసెంబరులో అతనూ ఫ్రీ త్రో లైన్ దగ్గరే పడ్డాడు. గుండె లయ తప్పుతోందని ప్రొప్రానలాల్ అనే మందు ఇచ్చారు. ఆ మందుతో ఆట మందగిస్తోందని అతను బాధపడ్డాడు, మోతాదు తగ్గించారు. 1990 మార్చి 4న పోర్ట్‌లాండ్‌తో మ్యాచ్‌లో గాల్లోనే బంతి అందుకుని రింగులోకి దించే ఆలీ ఊప్ డంక్ చేసి, కాసేపటికే కోర్టులో కూలిపోయాడు. చనిపోయేనాటికి 23 ఏళ్లు. చిన్ననాటి స్నేహితుడు బో కింబల్ తర్వాతి టోర్నమెంటులో మొదటి ఫ్రీ త్రోలు ఎడమ చేత్తో వేశాడు, గేదర్స్ అలా వేసేవాడని.

అదే జాతి మందు, మెటోప్రోలాల్ అనే బీటా బ్లాకర్, మొదలుపెట్టిన నెలలో నాకూ కాళ్లు ఇనప గుండ్లయ్యాయి. సగం మాత్ర వేసుకుందామా అనిపించింది. ఆ పని మాత్రం చేయకండి. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని పైకి పోనివ్వదు, నీరసం అందుకే. ఒక్కసారిగా మానేస్తే ఆ పట్టు వదిలి గుండె మరింత రేగుతుంది. ఇబ్బందిగా ఉంటే డాక్టరుగారికి చెప్పండి, మార్చేది ఆయనే.

ఎడమ కాలర్ ఎముక కింద ఐసీడీ పెట్టారు, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపలినుంచే షాక్ ఇచ్చే చిన్న పరికరం. ఆరు వారాలు ఆ చెయ్యి భుజం దాటి ఎత్తనివ్వలేదు. ఫోను ఐసీడీకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, చొక్కా ఎడమ జేబులో పెట్టకూడదు. ఇప్పుడు షూటింగ్ వరకే, మ్యాచ్‌లు లేవు. అమ్మ తిరుపతిలో తలనీలాలిచ్చింది. నేనూ వెంట వెళ్లాను, ఆ రాత్రి బతికించింది స్వామే అని నాకూ గట్టి నమ్మకం.

కోచ్‌లకు ఒక మాట. హాల్లో ఏఈడీ, అంటే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పెట్టె, ఉంచండి, తాళం వెయ్యకండి. ఎవరైనా పడి, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఒకరు ఏఈడీకి పరుగెత్తాలి, ఒకరు ఛాతీ నడిమధ్య 5 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి. ప్యాడ్లు తడి ఛాతీకి అంటుకోవు, ముందు చెమట తుడవండి. నీళ్లు తాగించడం, ముఖాన చల్లడం వద్దు. అందులో పోయే ప్రతి నిమిషం ప్రాణం మీదికే వస్తుంది.

మా పెదనాన్న 34 ఏళ్లకే పొలంలో పడి పోయారు. గాలి సోకిందన్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు, డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగాకే బయటపడింది. ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం ఉన్న జబ్బు. నాన్నకు ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే గోడ 16. తమ్ముడికి పదిహేనేళ్లు, వాడి గోడ ఇప్పటికి 9. వాడికి ఈ వేసవిలో మళ్లీ ఎకో తీయించాలి.