అవిలాల చెరువు తీర్పులో మనం వదిలేసిన భాగం

అవిలాల చెరువు గురించి తిరుపతిలో ఎవర్ని కదిపినా రెండే మాటలు. "అంత జాగా ఊరికే పడుంది, పార్కు చేస్తే పోలా?" అని ఒకరు. "సుప్రీంకోర్టు ఒక్క ఇటుక కూడా పెట్టొద్దంది కదా!" అని ఇంకొకరు. ఏళ్ల తరబడి ఇదే వాదన. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

అవిలాల చెరువు భూమిని 1994లో తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు), పేరూరు చెరువు భూమిని 1991లో టీటీడీకి ఇళ్ల కోసమని ఇస్తూ ప్రభుత్వం జీవోలు తెచ్చింది. తిరుపతి ఇంటలెక్చువల్స్ ఫోరం వాళ్లు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడినా వదల్లేదు. 2006 ఫిబ్రవరి 23న జస్టిస్ రూమా పాల్, జస్టిస్ ఏఆర్ లక్ష్మణన్ తీర్పు చెప్పారు. చెరువుకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అన్నారు. ఇక మీదట అక్కడేమీ కట్టొద్దన్నారు.

మన వాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని దాని కిందే ఉంది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను బాగు చేయమన్నారు, నీటికి అడ్డంగా ఉన్న చిన్న చెక్‌డ్యామ్ తీసేయమన్నారు. అవిలాల వైపు అప్పటికే కట్టిన ప్రతి ఇంటి మీదా పడే వాన నీటిని పట్టి భూమిలోకి ఇంకించమన్నారు. ఏ అవసరానికీ బోర్లు వేయొద్దన్నారు. ఈ మాటల మీద మాత్రం ఎవరూ గొడవ పడరు!

చెరువంటే కట్ట, మధ్యలో నీళ్లు, ఇంతేనా? శేషాచలం కొండల మీద పడ్డ వాన వంకల్లో దిగి, ఒక చెరువు నిండి, మొరవ (అలుగు) పారి కింది చెరువుకు పోవాలి. పోతూ పోతూ భూమిలోకి ఇంకాలి. ఈ దారి మూసేసి చెరువును మాత్రం కాపాడితే మిగిలేది గుంత. చెరువు కింద ఒకప్పుడు వరి వేసిన పెద్దాయన ఒకరు నాతో అన్న మాట మర్చిపోలేను: "వంక మీద గోడ కట్టేది మీరే, నీళ్లు రాలేదని చెరువును అనేదీ మీరే. ఇదెట్టప్పా?"

2021 నవంబరులో వాన తన దారి తాను వెతుక్కుంది. స్వర్ణముఖి పొంగింది, ఊళ్లో కాలనీలకు కాలనీలు మునిగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. అన్ని నీళ్లు వచ్చిపోయిన ఊరు మనది. తాగడానికేమో కల్యాణి డ్యామ్ వైపు, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ వైపు చూడాలి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అందుకే మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఇంకుడు గుంత సంగతి ఎత్తాను. ప్లానులో ఉంది, నేల మీద కనపడదు. వాచ్‌మన్‌ను అడిగితే పార్కింగులో ఒక మూలకు తీసుకెళ్లి, స్కూటర్లు జరిపి చూపించాడు. పైన టైల్స్ పరిచేశారు. రెండు పలకలు లేపిస్తే కింద కంకర సందుల్లో బురద గట్టిపడి ఉంది. మేడ మీంచి దిగే పైపు దాని పక్క నుంచే పోయి వీధి కాలువలో కలుస్తోంది. చిన్న వాన పడితే మా గేటు ముందు మోకాలి లోతు నీళ్లెందుకు నిలుస్తాయో అప్పుడు అందరికీ అర్థమైంది.

పార్కింగు పోతుందని ఇద్దరు గట్టిగా అడ్డం తిరిగారు. పైన చిల్లుల బిళ్ల వేస్తే బండి పెట్టుకోవచ్చని మేస్త్రీ చెప్పాక ఒప్పుకున్నారు. కంకర తీసి కడగడం, పైపు మళ్లించడం ఈ ఆదివారం మొదలవుతుంది. ఎదురు బ్లాకు సెక్రటరీ గారు కూడా వచ్చి చూస్తానన్నారు. తీర్పులో ఆ పేజీలు ఆయన కోసం ప్రింటు తీసి పెట్టాను.