ఇంగ్లిషు వర్తమానంలో ఒంటరి ‘ఎస్’

తెలుగులో క్రియ కర్తను బట్టి రూపం మార్చుకుంటుంది: వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది. ఇంగ్లిషు సింపుల్ ప్రెజెంట్ టెన్స్‌లో మామూలు క్రియలకు అలాంటి గుర్తు ఒక్కటే మిగిలింది. అది హి, షి, ఇట్ వంటి ఏకవచన కర్తలకు చేరే ‘ఎస్’ లేదా ‘ఈఎస్’. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ఆ స్థానంలో ‘మేకెత్’ వంటి రూపాలు కనిపిస్తాయి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ప్రశ్నల్లోనూ వ్యతిరేకార్థక వాక్యాల్లోనూ. ‘షి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’ అన్న వాక్యాన్ని ప్రశ్నగా మార్చేటప్పుడు ‘డు’ ముందుకు వచ్చి ఆ గుర్తును తానే తీసుకుని ‘డజ్’ అవుతుంది కనుక, అసలు క్రియ ‘వర్క్’గానే ఉండాలి: ‘డజ్ షి వర్క్ ఇన్ ఎ బ్యాంక్?’ వ్యతిరేకంలోనూ అంతే: ‘షి డజ్ నాట్ వర్క్.’

అలవాట్లకూ శాశ్వత సత్యాలకూ ఈ కాలం వాడతారని బడిలోనే చెబుతారు. అయితే ‘రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను’ అనడం మనకు సహజం కావడంతో ‘ఐ యామ్ గోయింగ్ టు ఆఫీస్ డెయిలీ’ అని నోటికి వచ్చేస్తుంది. అలవాటుగా చెప్పదలిస్తే ‘ఐ గో’ అనాలి. ‘ఐ యామ్ నోయింగ్’ మాత్రం నా దృష్టిలో తక్షణం మానుకోవలసినది, ఎందుకంటే ‘నో’ (తెలిసి ఉండటం) చర్యను కాక స్థితిని తెలిపే క్రియ.

భవిష్యత్తును సూచించే ‘ఇఫ్’ షరతుల్లోనూ సాధారణంగా ఇదే కాలం వాడతారు: ‘ఇఫ్ హి కమ్స్ టుమారో, ఐ విల్ టెల్ హిమ్.’