‘దిద్దుబాటు’ తాత్పర్యం తేల్చడం: నా అనుభవం

కథ తాత్పర్యం రాయడానికి కూర్చున్నప్పుడు ‘గురించి’ అన్న మాటను నేను ముందే పక్కన పెట్టేస్తాను. ‘ఈ కథ స్త్రీవిద్య గురించి’ అంటే అది వస్తువు. ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెబితే ఇతివృత్తం. వస్తువు మీద కథ ఏమంటోందో క్రియతో సహా పూర్తి వాక్యంగా రాస్తేనే తాత్పర్యం. వాక్యమైతే ఎవరైనా ‘కాదు’ అనొచ్చు. ‘స్త్రీవిద్య’ అన్న ఒంటి మాటను ఎవరు కాదనగలరు? చాలా వ్యాసాలు ఈ మొదటి మెట్టు మీదే జారిపోతాయి.

ఆ వాక్యం వెతకడానికి నాకు బాగా అక్కరకొచ్చింది మీమాంసకుల (వేదవాక్యాలకు అర్థం తేల్చే పండితుల) పాత పద్ధతి. గ్రంథం ఉద్దేశం తేల్చడానికి వాళ్లు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు (మొదలూ చివరా), అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదవాక్యాల కోసం పుట్టిన కొలబద్ద కాబట్టి కథకు పెట్టేటప్పుడు కొంచెం వంచుకోవాలి. గురజాడ ‘దిద్దుబాటు’ (1910) మీద పెట్టి చూపిస్తాను. చిన్న కథ, ఒక్క పూటలో మూడుసార్లు చదవొచ్చు.

ముందు ఏ పాఠం చదువుతున్నామో చూసుకోవాలి. కథనం గ్రాంథికంలో ఉన్న పాఠమూ, వ్యావహారికంలోకి మార్చిన పాఠమూ రెండూ చలామణీలో ఉన్నాయి. ఒకదాంట్లో మాటలు లెక్కపెట్టి రెండోదాంట్లోంచి వాక్యం ఎత్తి రాస్తే లెక్క తప్పుతుంది.

మొదటిసారి పెన్సిల్ ముట్టుకోను. రెండోసారి మూడే గుర్తులు: మళ్లీ వచ్చిన మాట కింద గీత, కథ నా అంచనాకు ఎదురు తిరిగిన చోట ప్రశ్నార్థకం, అర్థం కానిచోట చుక్క. పేజీకి పది గుర్తులు దాటాయంటే చదవడం మానేసి ముగ్గులేస్తున్నానన్నమాట. చెరిపేసి మళ్లీ మొదలుపెడతాను.

ఇక మొదలూ చివరా పక్కపక్కన పెట్టాలి. సభలని చెప్పి సానుల పాటకు పోయే సంస్కర్త గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు దగ్గర భార్య కమలినిని పిలుస్తాడు, లోపలి నుంచి పలుకు లేదు. చివర్లో మంచం కింద నుంచి కమలిని నవ్వూ చేతి నగల సవ్వడీ వినిపిస్తాయి. అంటే పిలుపుతో మొదలైన కథ జవాబుతో ముగిసింది, ఆ జవాబు మాట కాదు, నవ్వు. నడుమ ఆమె గొంతు మనకు వినపడదు. వినపడేదల్లా ఆమె రాసిపెట్టిన ఉత్తరమే.

ఎక్కువసేపు ఆగాల్సింది ఆ ఉత్తరం దగ్గర. అభ్యాసం అంటే మళ్లీ మళ్లీ రావడం. మామూలుగా చదివితే, సానుల పాటకు పోతున్న మొగుణ్ని భార్య నిలదీసిందని అనిపిస్తుంది. గీతలు పెట్టుకుంటూ చదివితే పదే పదే తగిలేది వేరే మాట. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు కల్లలు పలకాల్సి వచ్చింది, నేను లేకపోతే అసత్యానికి అవకాశం ఉండదు, మీ చేత రోజూ అసత్యం ఆడించడం కన్నా అడ్డు తొలగడమే మేలు... ఇదీ వరస. అంత చిన్న ఉత్తరంలో అబద్ధం మూడుసార్లు వచ్చింది. సానిపాట తప్పని మాత్రం ఆమె ఎక్కడా నోరారా అనలేదు.

ఇక్కడ తొందరపడితే ‘భార్యకు అబద్ధం చెప్పకూడదు’ అని రాసేసి పుస్తకం మూస్తాం. అది నీతివాక్యం. కథనే తీసేసినా అది మిగులుతుంది, అదే దాంట్లోని లోపం. కాబట్టి అపూర్వత వెతకాలి, అంటే ఈ కథ తప్ప ఇంకేదీ ఇవ్వలేనిది. రెండో చదువులో ప్రశ్నార్థకం పెట్టిన చోటు అదే: పుట్టింటికి వెళ్తున్నానని రాసిన మనిషి మంచం కింద ఉంది! అబద్ధాన్ని తప్పుపట్టిన ఉత్తరమే ఒక అబద్ధం. ఇది పట్టుబడగానే మొదటి వాక్యం కూలిపోతుంది. కూలనివ్వాలి.

ఫలం చూద్దాం, ఏం మారింది? కమలినికి చెప్పమని నౌకరు రాముడికి నేర్పుతూ గోపాలరావు తనకు బుద్ధి వచ్చిందనీ, ఇక రాత్రులు ఇల్లు కదలననీ అంటాడు. ఆమె వింటోందని అతనికి తెలియదు. ఆమె ముందు నిలబెట్టి అడిగితే ఇంకో సభ పేరు చెప్పి ఉండేవాడేమో. ఇప్పుడు నా వాక్యం ఇది: ‘అబద్ధానికి అలవాటుపడ్డ సంస్కర్త చేత నిజం పలికించింది ఉపదేశం కాదు, అతనికన్నా తెలివైన ఒక ఆట.’ ఉత్తరం, మంచం, నవ్వు మూడూ ఇందులో ఇమిడాయి.

అర్థవాదం, అంటే పొగడ్తా తెగడ్తా, కథల్లో పెద్దగా సాయపడదు. ఒక్కటే జాగ్రత్త: పాత్ర అన్న మాటను రచయిత అభిప్రాయంగా ఎత్తి రాయకూడదు. ఆడవాళ్లు యజమాని చెప్పినట్టు వినాలని రాముడంటాడు. అది రాముడి లోకజ్ఞానం, కథ తీర్పు కాదు.

రచయిత జీవితం, సానిమేళాలకు ఎదురు సాగిన ఉద్యమం, ‘కన్యాశుల్కం’లో సంస్కర్తల మీద వెక్కిరింపు, ఇవన్నీ వాక్యం రాసుకున్నాకే తెరుస్తాను. ముందే తెరిస్తే కథలో కనిపించేది ఆ సమాచారమే. రాసేటప్పుడు ఒక్కో పేరాకు ఒక్క వాదన, దానికి కథలోంచి నాలుగైదు మాటల ముక్క, ఆ ముక్కలోని ఏ మాట ఆ పని చేస్తోందో రెండు మూడు వాక్యాల్లో. ఎత్తిరాసిన ముక్క నా వివరణ కన్నా పొడుగైతే కథ మళ్లీ చెబుతున్నానని లెక్క.

మిగిలింది ఉపపత్తి, వాక్యం నిలబడుతుందా అన్నది. నా వాక్యానికి లొంగని చోటు ఒకటుంది. యజమాని కోపానికి రాముడు దెబ్బ తింటాడు, వెంటనే ఆ యజమానే జాలిపడి వీపు నిమురుతాడు. ఉత్తరంలో ‘ప్రియా’ అన్న పిలుపు పోయి ‘అయ్యా’ వచ్చిందని యజమాని అంటే ‘పెయ్య పోయిందా బాబూ’ అన్న రాముణ్ని చూసి మనమూ నవ్వేస్తాం. భార్య విషయంలో బుద్ధి తెచ్చుకున్నాయన ఈ దెబ్బ విషయంలో ఏ మాటా ఇవ్వలేదు. అందుకే నా వాక్యం చివర ‘ఇంటి ఇల్లాలి మేరకు’ అని చేర్చి, ఆ చేర్పుకు కారణంగా రాముడి వీపును చూపిస్తాను.