ఆ రాత్రి షుగర్ 46

నాకు షుగర్ ఉందని తెలిసింది 43వ ఏట, గుంటూరులో. మూడు నెలల షుగర్ సగటు (HbA1c అనే టెస్టు) 9.2 శాతం వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రలు రెండు పూటలా రాశారు. మిగతా టెస్టులు, డైట్ చార్టు అందరికీ తెలిసినవే.

మూడో రోజు నుంచి మోషన్స్. రోజుకి ఐదారుసార్లు. బస్సెక్కాలంటే టెన్షన్. డాక్టర్‌గారికి చెబితే తలెత్తకుండానే "అందరూ వేసుకోవట్లేదామ్మా, మీకే ఎందుకొస్తాయి?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. మెట్‌ఫార్మిన్‌తో కడుపు పాడవడం చాలామందికి జరిగేదేనని తర్వాత తెలిసింది, ఆ ఒక్క ముక్క ఆరోజే చెప్పుంటే ఎంత బావుండేది!

కడుపుకి భయపడి ఆరోజు రాత్రి అన్నం మానేశాను, మాత్రలు మాత్రం వేసుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చేసరికి జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, మావారిని పిలుద్దామంటే నోట మాట రావట్లేదు. మంచినీళ్లకి లేచిన అత్తయ్య చూశారు. మీటర్‌లో 46, షుగర్ బాగా పడిపోయింది. గ్లాసులో పంచదార కలిపి "ఒక్క గుక్క తాగమ్మా" అంటూ పట్టారు, అడుగున కరగని పలుకుల్ని వేలితో తీసి నా నాలుక మీద రాశారు. పావుగంటకి 78. సరిగ్గా ఆ టైముకి ఆవిడకి దాహం వేయడం వేంకటేశ్వరస్వామి దయే.

తర్వాత చూపించుకున్న డాక్టర్‌గారు అరగంట కూర్చోబెట్టి చెప్పారు. మెట్‌ఫార్మిన్ లివర్ మీదే కాదు, పేగుల్లో కూడా పనిచేస్తుందట, అక్కడి బ్యాక్టీరియానే మార్చేస్తుందట. ఆ మందు వాడినవాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాని ఎలుకలకి ఎక్కిస్తే వాటి షుగర్ అదుపు మెరుగైందని 2017లో ఒక పరిశోధన వచ్చిందట. పీచు తింటే ఆ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఒకరకం ఆమ్లాలు తయారుచేస్తుంది, ఇన్సులిన్ ఒంటికి పట్టడానికి అవి సాయపడతాయి. తిండి తినకపోయినా షుగర్‌ని దించేసేది గ్లిమిపిరైడేనని, అది ఆపేశారు. మెట్‌ఫార్మిన్ మెల్లగా కరిగే రకం, 500 మిల్లీగ్రాములు, రాత్రి భోజనం అయ్యాక. మోతాదు నెమ్మదిగా పెంచారు. జొన్నరొట్టె, చిక్కుళ్లు కూడా ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా, లేకపోతే గ్యాస్ పట్టేస్తుంది.

రెండు వారాలకి కడుపు కుదుటపడింది. ఎనిమిది నెలలకి సగటు 6.8.

మోషన్స్ అయితే మందు మీకు మీరే మానేయకండి, రకం మార్చమని గట్టిగా అడగండి. తిండి తినని పూట ఏ మాత్ర వేసుకోకూడదో ముందే కనుక్కోండి.

పంచదార డబ్బా ఇప్పటికీ నా మంచం పక్కనే ఉంటుంది. వంటింట్లో పెడితే అత్తయ్య మళ్లీ తెచ్చి అక్కడే పెడతారు.