కింది నుంచి చూసిన కెప్టెన్లు

విమానం నడిపే కెప్టెన్లను, దాన్ని బాగుచేసే మేం కింది నుంచే చూస్తాం. పుష్‌బ్యాక్, అంటే ట్రాక్టరుతో విమానాన్ని వెనక్కి నెట్టడం, అయిపోయి, ట్రాక్టరు పక్కకి తప్పుకున్నాక, హెడ్‌సెట్ తీసేసి, నెట్టేటప్పుడు ముక్కు చక్రం కాక్‌పిట్ స్టీరింగ్‌కి లొంగకుండా పెట్టిన బైపాస్ పిన్ పీకుతాం. దానికి వేలాడే ఎర్ర రిబ్బను కాక్‌పిట్‌లోకి కనబడేలా పైకెత్తి చూపిస్తాం. పిన్ నా చేతిలో ఉంది, కింద అంతా క్లియర్, ఇక మీరు కదలొచ్చు అని దాని అర్థం. అద్దం వెనక తెల్ల చొక్కా, భుజం మీద బంగారు గీతలు, నల్ల కళ్ళద్దాలు, పైకి లేచిన ఒక చెయ్యి. అంతకుమించి ఏమీ కనబడదు. కొందరు చెయ్యెత్తుతారు, కొందరు ట్యాక్సీ లైటు ఒకసారి వెలిగించి ఆర్పుతారు, కొందరు ఇటు చూడను కూడా చూడరు. ఎవరు ఏ రకమో విమానాలు నిలిపే మా ర్యాంపు మీద అందరికీ తెలుసు. ఎయిర్‌లైన్‌లో ఆయన ఎంత పెద్దవాడో మాకు అక్కర్లేదు, మా లెక్కలు మాకున్నాయి.

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో లైన్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా నా ఉద్యోగం. విమానం వచ్చి బేలో ఆగినప్పటి నుంచి మళ్ళీ కదిలేదాకా దాని మంచిచెడ్డలు మావి. విమానం రికార్డు పుస్తకం టెక్ లాగ్‌లో పైలట్ రాసిన లోపం చూసి, సరిచేసి, కింద సంతకం పెడతాం. ఆ సంతకం చూసుకుని కెప్టెన్ తన సంతకం పెడతాడు. రెండు సంతకాలూ ఒకే కాగితం మీద ఉంటాయి. మా బొబ్బిలిలో ఇది చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. "మావాడు విమానాలు నడుపుతాడు" అని మా అమ్మ పదిమందికీ చెప్పేసింది. కాదమ్మా, బాగుచేస్తాను అన్నాక మా మావయ్య ముఖం చూడాలి. "అంటే మెకానిక్కా?" అన్నాడు, పెళ్ళిసంబంధం వెనక్కి పోయినంత దిగులుగా.

హైదరాబాద్‌లో ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్, చదివి బేగంపేటలో ట్రైనీగా ఉన్న రోజుల్లో మా సీనియర్ ఒకాయన మొదటి వారమే ఓ పాఠం చెప్పాడు: "కెప్టెన్ అడిగిందానికి జవాబు చెప్పు, నీ అభిప్రాయం మాత్రం చెప్పకు." కెప్టెన్ మెట్లు దిగుతుంటే లేచి నిలబడేవాళ్ళం. ఆయనేమన్నా "యస్ సార్". మర్యాద అంటే అదే అనుకునేవాణ్ణి. చాంగీలో నా మొదటి షిఫ్టులో మలయ్ సూపర్‌వైజరు ఒకడు, నా కంటే వయసులో చిన్నవాడు, ఒక కెప్టెన్‌తో "నో, కెప్టెన్, ఈ విమానం ఇప్పుడు కదలదు" అన్నాడు. ఆ కెప్టెన్ "ఓకే, ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. అంతే. నాకే చెమటలు పట్టాయి.

2010 నవంబరు 4న నేను పొద్దున షిఫ్టులో ఉన్నాను. పదికి కాస్త ముందు ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ వాళ్ళ 32వ నంబరు విమానం సిడ్నీకి లేచింది. రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380, లోపల 469 మంది. లేచిన కొన్ని నిమిషాలకే ఇండోనేషియాలోని బాతం దీవి మీద దాని రెండో ఇంజను బద్దలైంది. ముక్కలు ఊళ్ళో పడ్డాయి. దాంతో విమానమే కూలిపోయిందని వార్త పాకిపోయింది. అమ్మ ఫోను: "ఒరే నాన్నా, సింగపూర్‌లో విమానం కూలిందంట కదరా, నువ్వు బాగుచేసింది కాదు కదా?" అప్పటికి ఆ విమానం ఇంకా గాల్లోనే ఉంది.

ఇంజను లోపల గిర్రున తిరిగే టర్బైన్ డిస్కు పగిలి, దాని ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయి వైర్లను, గొట్టాలను తెంపేశాయి. కాక్‌పిట్ తెర మీద మొదటి నిమిషంలోనే 43 హెచ్చరికలు వచ్చాయని తర్వాత రిపోర్టులో చదివాం. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిగ్నీ. ఆ రోజు కాక్‌పిట్‌లో ఆయనతో కలిపి అయిదుగురు పైలట్లు. ఆయన్ని పరీక్షించడానికి ఒక చెక్ కెప్టెన్, ఆ చెక్ కెప్టెన్‌కి శిక్షణ ఇస్తూ ఇంకో సీనియర్. మన డిగ్రీ ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ వచ్చి వెనక నిలబడితే బ్యూరెట్టు పట్టుకున్న చెయ్యి ఎలా వణుకుతుందో గుర్తుందా? అక్కడ ఎక్స్‌టర్నల్, ఆయన మీద ఇంకో ఎక్స్‌టర్నల్. అలాంటి చోట ఆ అయిదుగురినీ పనిలోకి దించి, ఒక్కో హెచ్చరికా తీరుబడిగా చూసుకుంటూ గాల్లో దాదాపు గంటసేపు తిప్పారు. ఏవేం పాడయ్యాయో లెక్కపెడుతూ పోతే తెమలదని, ఇంకా ఏం పనిచేస్తున్నాయో చూసుకుని, ఆ మిగిలినవాటితో దిగడానికి సిద్ధపడ్డానని ఆయన తర్వాత చాలాచోట్ల చెప్పాడు.

టీవీలు చూపించింది ల్యాండింగు. బరువు పరిమితికి మించి ఉంది, బ్రేకులు సగంసగం, 4,000 మీటర్ల రన్‌వేలో చివరి 150 మీటర్లు మిగిలుండగా ఆగింది. గొప్పదే, కాదనను. కానీ మా క్రూ రూములో జనం వారాల తరబడి మాట్లాడుకున్నది దిగిన తర్వాతి గంట గురించి. ఎడమ రెక్కలోంచి ఇంధనం కారుతోంది. దాని పక్కనే బ్రేకులు 900 డిగ్రీల దాకా కాలుతున్నాయి. ఒకటో నంబరు ఇంజను ఆపుదామంటే ఆగదు, దాని వైర్లు తెగిపోయాయి. ఫైరింజన్లు చుట్టుముట్టి నురగ కొడుతున్నాయి. మేం దూరం నుంచి చూస్తున్నాం. ఎర్ర తోక మీద తెల్ల కంగారూ, కదలని విమానం, తిరుగుతూనే ఉన్న ఇంజను. మాలో సగం మంది "స్లైడ్లు తెరవరేం?" అని అరిచారు. నేనూ అనుకున్నాను.

తెరవలేదు. జారుడు స్లైడ్ల మీద 440 మంది ప్రయాణికులు దిగితే ఎంతమందికి కాళ్ళు విరుగుతాయో, తిరుగుతున్న ఇంజను ముందుకి, నేల మీద ఇంధనంలోకి ఎవరు పరిగెడతారో లెక్కేసి, లోపలే కూర్చోబెట్టారు. దాదాపు గంటకి మెట్లు తెప్పించి, కుడివైపు ఒకే తలుపులోంచి ఒక్కొక్కరినీ బస్సుల్లోకి దింపారు. ఒక్కరికీ గీత పడలేదు. ఇంజను మాత్రం దిగాక సుమారు మూడు గంటలు తిరిగి, నురగతో ముంచేస్తే గానీ చావలేదు. ఏదో ఒకటి చెయ్యమని బుర్ర గోల పెడుతున్నప్పుడు చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో చేతిపని చేసేవాళ్ళకి తెలుసు. తర్వాత టెర్మినల్లో కెప్టెనే ప్రయాణికుల ముందుకొచ్చి జరిగింది చెప్పి, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడని తెలిసింది. సాధారణంగా అలాంటి వేళ మైకు పట్టుకునేది కంపెనీ మనిషి.

ఆ విమానం పేరు నాన్సీ-బర్డ్ వాల్టన్. 1930లలోనే ఆస్ట్రేలియా మారుమూల పల్లెలకి విమానంలో వైద్యసేవ అందించిన మహిళా పైలట్ ఆవిడ. విమానాన్ని చాంగీలోనే బాగుచేశారు. 2012 ఏప్రిల్‌లో గానీ మళ్ళీ పనిలోకి పోలేదు. ఖర్చు 13.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ ఖర్చుతో మానేసి తుక్కుకిచ్చేయొచ్చు కదా అని మా స్టోర్స్ అతను రోజూ నసిగేవాడు. మాకు మాత్రం దాన్ని బతికించడం నచ్చింది.

అసలు కారణం చాలా చిన్నది. ఇంజను లోపల నూనె వెళ్ళే ఒక పొట్టి గొట్టం. దానికి రంధ్రం తొలిచేటప్పుడు మధ్యలో రాకుండా ఓ పక్కకి జరిగింది, ఆ వైపు గోడ పలచబడింది. వాడగా వాడగా అక్కడ పగులిచ్చి, నూనె కారి, మంట పుట్టి, డిస్కు బద్దలైంది. 2013లో వచ్చిన ఆస్ట్రేలియా దర్యాప్తు నివేదికలో ఆ గొట్టం ఫోటో చూసి మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో కార్ఖానాలో మాలాంటివాడే తొలిచిన రంధ్రం, మాలాంటివాడే "ఓకే" అన్న ముక్క. దాని బాకీ తీర్చింది పైనున్న అయిదుగురు.

డి క్రెస్పిగ్నీ ఎప్పుడైనా నా రిబ్బనుకి చెయ్యెత్తాడా అంటే తెలీదు. ఏ380 కాక్‌పిట్ ఎత్తుకి కింది నుంచి ముఖాలు పోల్చుకోలేం. నేను దగ్గరగా చూసిన పేరున్న కెప్టెన్ వేరే ఆయన. టీవీల్లో పేరు కాదు, పైలట్లలో పేరు. సగం మంది కెప్టెన్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆయన బేకి వస్తున్నాడంటే కుర్ర ఫస్ట్ ఆఫీసర్లు, అంటే కో-పైలట్లు, టై సర్దుకునేవాళ్ళు.

ఓ రాత్రి ఉరుముల వాన. మెరుపుల అలర్టు మోగితే ర్యాంపు మీద పని ఆపి అందరూ లోపలికి రావాలి. అలర్టు తీసేసరికి విమానం ఆలస్యం, వాకీటాకీలో ఒకటే పోరు. అప్పుడు చూశాను, ఎడమ పెద్ద చక్రాల దగ్గర, నూనె ఒత్తిడితో భాగాల్ని కదిలించే యాక్చుయేటర్ సీల్ నుంచి హైడ్రాలిక్ నూనె. ఊదారంగు, చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. కారుతోందని విమానం ఆపేయరు. నిమిషానికి ఎన్ని చుక్కల దాకా పర్లేదో మాన్యువల్లో ఉంటుంది. కాబట్టి టార్చి పట్టుకుని, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. వాన నీళ్ళు కూడా అక్కడే కారుతుంటే ఏది ఏ చుక్కో తేల్చుకోవడం ఓ యజ్ఞం. గుడ్డతో తుడవడం, మళ్ళీ మొదలెట్టడం.

పక్కన ఎవరో చతికిలబడ్డారు. తిరిగి చూస్తే ఆయన. తెల్ల చొక్కా మీద పచ్చ జాకెట్టు, మోకాళ్ళు తడి నేల మీద. ఏమీ అడగలేదు. తన గడియారం తిప్పుకుని ఆయనా లెక్కపెట్టడం మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. నమ్మకం లేకపోతే లేదని చెప్పొచ్చు కదా! నిమిషం అయ్యాక "నీకెంత?" అన్నాడు. చెప్పాను. "నాకు ఒకటి ఎక్కువొచ్చింది, అది వాన చుక్కేమో. ఇంకోసారి?" ఇంకోసారి చూశాం. ఇద్దరికీ ఒకే లెక్క. పరిమితి లోపలే, కానీ అంచు మీద.

అప్పుడడిగాడు: "మాన్యువల్ సరే. నువ్వేమంటావు?"

బేగంపేట సీనియర్ గుర్తొచ్చాడు. చెప్పాను: మాన్యువల్ ప్రకారం వెళ్ళొచ్చు, కానీ ఈ సీల్ అరగంట కింద ఇంత కారలేదు, పెరుగుతోంది. నేనైతే మార్చేస్తాను, గంటన్నర పడుతుంది. ఆయన నాతో వాదించలేదు, మెచ్చుకోలేదు. వాకీటాకీ తీసుకుని "కెప్టెన్ మాట్లాడుతున్నాను, గంటన్నర ఆలస్యం, నా నిర్ణయం" అన్నాడు. ఇంజనీరు అడిగాడని అనలేదు. ఆ మాట విలువ ఆలస్యాలకి సంజాయిషీ రాసినవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున్నే "ఎవరి వల్ల?" అనే ఫారం వస్తుంది, అందులో ఒక పేరు పడాలి.

సీల్ మారుస్తున్నంతసేపూ నా మీద నిలబడలేదు. పైకెళ్ళి ప్రయాణికులతో మాట్లాడాడట. పని అయ్యాక టెక్ లాగ్ పట్టుకెళ్తే పాత సీల్ చూపించమన్నాడు. సీల్ అంచు దగ్గర చీలిక. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ చేతిలో పెట్టి, "చూడు" అన్నాడు. తర్వాత సంతకం పెట్టాడు.

కొన్నేళ్ళకి టెర్మినల్ మూడులో, స్టాఫ్ క్యాంటీన్‌కి పోతూ మళ్ళీ చూశాను. రిటైరైపోయాడు. మామూలు చొక్కా, పక్కన భార్య, చేతిలో ట్రాలీ, బోర్డింగ్ గేటు వెతుక్కుంటున్నాడు. విమానాల్లో ఇన్నేళ్ళు తిరిగిన మనిషికి గేటు దొరక్కపోవడం చూసి నవ్వొచ్చింది. దగ్గరికెళ్ళి పలకరించాను. పేరు గుర్తు లేదు గానీ, "వాన చుక్కలు!" అన్నాడు. భార్య వైపు తిరిగి, "ఇతను లెక్కపెట్టాడు, నేను సరిచూశాను" అని పరిచయం చేశాడు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా చెయ్యి కలిపింది. ఏ380 కోర్సు చేశావా, షిఫ్టులు ఎలా ఉన్నాయి, ఇంటికి ఎన్నాళ్ళకోసారి వెళ్తావు అని అడిగాడు. క్వాంటాస్ 32 గురించి పైలట్లు ఏమనుకుంటారని నేనడిగితే, "ఇంజనీర్లు ఏమనుకుంటారో ముందు చెప్పు" అన్నాడు. గొట్టం గురించి చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. ఈలోపు ఆవిడ గేటు మూసేస్తారని కంగారుపెట్టింది.

వాళ్ళ విమానం ఏ బేలో ఉందో తెరమీద చూశాను. ఆ రాత్రి దాన్ని చూసుకుంటున్నది మా జట్టులో కుర్రాడే. ఫోను తీశాను, "ఫలానా కెప్టెన్ ఎక్కుతున్నాడు" అని చెబుదామని. మళ్ళీ జేబులో పెట్టేశాను. చెబితే వాడు ఇంకేం చేస్తాడు, టైరు ఇంకోసారి తన్ని చూస్తాడా? మర్నాడు టీ దగ్గర చెప్పాను. వాడు నా మీద విరుచుకుపడ్డాడు: "నిన్ననే చెప్పుంటే ఫోటో దిగేవాణ్ణి కదా బ్రో!"